మీ బావ కారు అమ్మాలి

హోప్‌బరీ, క్లన్ లోయ
1983 మార్చి 6

తమ్ముడు క్లెమెంట్‌కి,

నీ కుక్క మళ్లీ నాలుగు కాళ్ల మీద నడుస్తోందని చదివి సంతోషించాను. ఇక్కడ కొండ మీద మంచు ఇంకా కరగలేదు. కోళ్లు అలిగి గుడ్లు పెట్టడం మానేశాయి. చర్చిలో పూలు అలంకరించే వంతు ఈ ఏడాది కూడా నాకే అంటగట్టారు.

ఈ సంగతి ఫోన్లో చెప్పవలసింది. కానీ ఓడల కార్ఖానాలో రివెట్లు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్నవాడివి. నీతో ఫోన్లో మాట్లాడాలంటే కేకలు పెట్టాలి. మా ఫోను హాల్లో ఉంది, మీ బావ ఎప్పుడూ ఆ చుట్టుపక్కలే ఉంటారు. అందుకే రాస్తున్నాను.

మీ బావ కారు అమ్మాలనుకుంటున్నాను. తొందరపడి కోప్పడకు. కోళ్లు నిద్రపోయే పాత ఇనుప సామానుగా దాన్ని కొనుక్కొచ్చిన రోజు నుంచీ ఆయన ఎంత కష్టపడ్డారో నేను చూడనిదా? బడిలో పిల్లలకి వడ్రంగం నేర్పి వచ్చి, భోజనం కూడా మరిచిపోయి, దాని చట్రంలో కర్రముక్క కర్రముక్కా చెక్కి అమర్చారు. ఇప్పుడు ఆ ఆకుపచ్చ రంగులో మన మొహం చూసుకోవచ్చు. అలాంటి పాతకాలపు ఎం.జి. కారు జిల్లా మొత్తం మీద ఇంకొకటి లేదంటారు.

కానీ ఆయన దాన్ని బయటికి తీసినప్పుడల్లా నాకు భయంగా ఉంటోంది. చూపు మునుపటిలా లేదేమోననిపిస్తోంది. మొన్న టీకప్పు బల్ల అంచు దాటించి గాలిలో పెట్టారు. నాతో మాట్లాడేటప్పుడు నా మొహం వైపు కాకుండా పక్కనున్న కిటికీ వైపు చూస్తారు. కళ్లజోడు మార్పించుకోమంటే కోపం. నీ ఉత్తరాలు కూడా నాచేతే చదివించుకుంటున్నారు. నీ చేతిరాత పాడైపోయిందట. నా భ్రమే కావచ్చు. ఇంటి కప్పు కారుతోంది కదా, బాగు చేయించడానికి కారు అమ్ముదామని మాత్రం ఆయనతో అన్నాను. వినిపించుకోలేదు.

నువ్వు నచ్చచెబితే వింటారు. ఒక ముక్క రాయి.

ప్రేమతో
మీ అక్క హెస్టర్

—

గ్రిమ్స్‌బీ
1983 మార్చి 15

అక్కా,

ముందు నా చేతిరాత సంగతి. బావతో చెప్పు, ఆయన పాఠాలు చెప్పిన పిల్లలందరికంటే నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.

చూపు మునుపటిలా లేదా? ఎవరికుంది? నిన్న చేపల దుకాణంలో పరాయి ఆవిడని మన పిన్ని అనుకుని పలకరించాను. ఆవిడ ఏమందో వినపడలేదు కాబట్టి బతికిపోయాను. పోయిన అక్టోబరులో బావ నన్ను ఆ కారులో లడ్‌లో ఊరి దాకా తీసుకెళ్లాడు. ఒక్క మలుపులో కూడా తడబడలేదు. నీకు చిన్నప్పుడు సైకిలు దిగువకి పోతుంటేనే ఏడుపు వచ్చేది. నాన్న భుజం పట్టుకుని కళ్లు మూసుకునేదానివి. ఇప్పుడు మాత్రం మారతావా?

ఇంటి కప్పు కోసమని చెబుతున్నావు కాబట్టి అదే అసలు సంగతి అనుకుంటాను. కప్పు వేయించడానికి ఇంకేదైనా దారి వెతుకుదాం. రిటైరై రోజంతా ఇంట్లో కూర్చునే మనిషికి ఉన్న ఒక్క సరదా అది. నాకు పడవ ఎలాగో ఆయనకి అది అలాగ. నా పడవ అమ్మమని ఎవరైనా అంటే వాళ్లతో మాటలు మానేస్తాను. నీతో మానను. అక్కవి కాబట్టి.

నీ తమ్ముడు
క్లెమెంట్

—

హోప్‌బరీ
1983 ఏప్రిల్ 12

క్లెమెంట్,

కారు గురించి రాసిన చోటు వదిలేసి, మిగతా ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. పిన్ని అనుకున్న ఆవిడ ముచ్చటకి చాలాసేపు నవ్వారు.

ఈస్టరు తరవాత నైటన్ సంత నుంచి వస్తుంటే రాతి వంతెన దగ్గర ఒకటి జరిగింది. ఏం జరిగిందో రాయలేను. రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి కాగితం పొయ్యిలో వేశాను. ఎవరికీ ఏమీ కాలేదు, అంతవరకు చాలు. ఆ రోజు నుంచీ గరాజు తలుపు కిర్రుమంటే చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెడుతున్నాను. ఆయన ఒక్కరే వెళితే వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడుతున్నాను. ఎదురింటి బెడ్డోస్ గారావిడ ‘మొగుడి మీద అంత ప్రేమేమిటమ్మా ఈ వయసులో’ అని వేళాకోళం చేస్తోంది. నవ్వేస్తున్నాను.

తాళం దాచేద్దామనుకున్నాను. దాచి ఏమని చెప్పను? ‘మీకు కనిపించడం లేదు’ అని ఆ మనిషితో ఎలా అనడం? అన్న తరవాత ఆయన ఏమవుతారో తలుచుకుంటే దానికీ భయమే.

పాత కార్ల పత్రికలో ప్రకటన వేయించాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.

అక్క

—

గ్రిమ్స్‌బీ
1983 ఏప్రిల్ 27

అక్కా,

బావ ఫోన్ చేశాడు. నాకు ఎప్పుడూ సగమే వినిపిస్తుంది, ఈసారి మాత్రం అంతా వినపడింది. కారు ఎంతకిస్తారని ఎవరో పరాయివాడు ఫోన్ చేస్తే గానీ, ఇంటి యజమానికి సంగతి తెలియలేదట. ‘మీ అక్క నన్ను అప్పుడే మట్టి చేసేసిందిరా’ అన్నాడు. 

వంతెన దగ్గర ఏదో జరిగిందంటావు, ఏం జరిగిందో చెప్పవు. కారుకి గీత పడిందా? కోడి అడ్డం వచ్చిందా? దాచి దాచి చెప్పే మాటని నేను ఎంతవరకు నమ్మాలి? నీకు కారు ఇష్టం లేదు. నీ మొగుడు నీకంటే ఎక్కువసేపు దానితో గడిపాడని నీ ఉక్రోషం. ఆ మాట ధైర్యంగా అనేయరాదూ?

కప్పు బాగుచేయించడానికి ఇందులో చెక్కు పెడుతున్నాను. వడ్డీ అడగను. కారు ఉంచు.

క్లెమెంట్

—

హోప్‌బరీ
1983 మే 14

తమ్ముడూ,

నీ చెక్కు తిప్పి పంపుతున్నాను. నువ్వన్న మాటలకి మూడు రోజులు కుమిలిపోయాను. నాలుగో రోజు నీ మీద జాలి వేసింది, దూరాన ఉన్నవాడికి ఏం తెలుస్తుందిలే అని.

కారు అమ్ముడుపోయింది.

లొమాక్స్ అని ఎర్ర గడ్డం కుర్రవాడు, మర్యాదస్థుడు, రైల్లో వచ్చాడు. మీ బావ అంతకు ముందు రోజే ‘సరే, నీ ఇష్టం’ అని గరాజులోకి వెళ్లిపోయారు. కానీ ఆ అబ్బాయి వచ్చాక ఎవరో వేరే మనిషైపోయారు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఇక్కడ తుప్పు ఉండేది, ఇక్కడ కర్ర మార్చాను, ఇక్కడ అతుకు ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం అంటూ ఒక్కొక్కటీ తడిమి చూపించారు. అబ్బాయి బేరమాడలేదు. తాళం ఇచ్చేటప్పుడు మీ బావ చెయ్యి చాచారు, ఆ అబ్బాయి చేతికి కొంచెం ఇవతల. నేను మెల్లిగా మోచెయ్యి తగిలించి సరిచేశాను.

కారు మలుపు తిరిగి కనుమరుగైంది. నేను వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుని, టీ కాచుకోవడం కూడా చేతకాక అలాగే ఉండిపోయాను. క్లెమెంట్, ఎన్ని నెలల తరవాతో ఆ రోజు ఒళ్లెరగకుండా నిద్రపోయాను. మీ బావ ఖాళీ గరాజులో కూర్చుని వస్తున్నారు. అది చూస్తే మనసు పిండేస్తుంది. అయినా నిద్ర పడుతోంది. నన్ను రాక్షసి అనుకుంటే అనుకో.

అక్క

—

గ్రిమ్స్‌బీ
1983 మే 25

మా ముద్దుల అక్కకి,

కుర్చీలో కూర్చుని చదువు. ఈ ఉత్తరం బావకి చదివి వినిపించకు.

ఎర్ర గడ్డం లొమాక్స్ ఎవరనుకున్నావు? నాతో కార్ఖానాలో పనిచేసిన వాడి కొడుకు. కారు కొన్నది నేను. పడవ అమ్మేశాను. అమ్మమంటే మాటలు మానేస్తానన్నవాణ్ణి నేనే అమ్ముకున్నాను. చూశావా నీ తమ్ముడి సంగతి? ఈ మోకాళ్లతో ఇంకెన్నాళ్లు పడవెక్కుతాను? బావ చేతిలో ఆ కారు ఉంటే నాకూ సంతోషమే. నీకు కప్పు డబ్బూ దొరికింది, ఆయనకి కారూ దక్కింది. ఇక ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోవద్దు.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరుతున్నాను. దారిలో డార్బీలో పాత స్నేహితుడి ఇంట్లో ఆగి, ఆదివారానికి మీ గేటు ముందు హారన్ కొడతాను. తాళం నా చేత్తో బావ చేతిలో పెట్టాలి. ఆయన మొహం చూడాలి. కోపం పక్కన పెట్టి, నాకిష్టమైన ఎండు ద్రాక్షల కేకు చేసి ఉంచు.

నీ తమ్ముడు
క్లెమెంట్

—

హోప్‌బరీ
1983 మే 27, శుక్రవారం

క్లెమెంట్, రావద్దు. కారు తేవద్దు.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. నువ్వు బయలుదేరావో, గంట వినపడలేదో తెలియడం లేదు. పోస్టు ఆవిడని గేటు దగ్గర నిలబెట్టి ఇది రాస్తున్నాను.

మీ బావకి కనిపించడం లేదు. చూపు మందగించడం కాదు. ఎదురుగా ఉన్నది కనిపించదు. పక్కలు మాత్రం కొంచెం తెలుస్తాయి. మన దారులన్నీ ఆయనకి కంఠతా వచ్చు, అలా నడుపుకొస్తున్నారు. ఆ రోజు వంతెన మీద బెడ్డోస్ వాళ్లమ్మాయి బిడ్డని బండిలో తోసుకుంటూ వస్తోంది. ఆయన వేగం తగ్గించలేదు. ‘బిడ్డ’ అని అరిస్తే ఎదురుగా ఉన్న బిడ్డనే చూడలేదని ఆయనకి తెలిసిపోతుందని, సిగ్గుతో చచ్చిపోతారని, నేను ‘గొర్రె, గొర్రె’ అని అరిచాను. ఆపారు. ఆ పిల్ల మా పక్క నుంచే వెళ్లింది, చెయ్యి ఊపింది. ఆయన అన్నారు, ‘ఎవరి గొర్రెలో, కంచె కూడా వేసుకోరు’ అని.

ఇది ముందే రాయవలసింది. రాస్తే నిజమైపోతుందని భయపడ్డాను. నాకు కారంటే అసూయ లేదు. ఆయన చేతుల్లో ఒక పసిబిడ్డ చచ్చిపోతుందని భయం. అది ఆయన తట్టుకోలేరు.

నా మాట విను. కారు ఎక్కడైనా వదిలేసి రైల్లో రా.

హెస్టర్

—

గ్రిమ్స్‌బీ
1983 జూన్ 9

అక్కా,

కుడి భుజం కట్టుకట్టి ఉంది, ఎడంచేత్తో రాస్తున్నాను. ఈసారి మాత్రం చేతిరాత పాడైందని బావ అంటే ఒప్పుకుంటాను.

ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేసరికి నీ ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. నిలబడే చదివాను. తరవాత మెట్ల మీద కూర్చుని మళ్లీ చదివాను.

ఆసుపత్రిలో నేను నీకు అబద్ధం చెప్పాను. వంతెన దగ్గర చోటు మార్చుకున్నామని, కారు నేనే నడిపానని అన్నాను. నడిపింది బావే.

డార్బీలో నా స్నేహితుడు ఇంట్లో లేడు. అందుకే శనివారమే వచ్చేశాను. నువ్వు చర్చిలో పూలు పెడుతున్నావు. హారన్ కొట్టకుండానే బావ గరాజు తలుపులోకి వచ్చి నిలబడ్డాడు, ఇంజను చప్పుడు విని. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. నేను తాళం అరచేతిలో పెడితే గుప్పిట మూసుకున్నాడు. ‘ఎక్కు’ అన్నాడు అంతే.

అక్కా, ఎంత బాగా నడిపాడో. ప్రతి మలుపుకీ ముందే గేరు మార్చడం, గుంతలు తప్పించడం. నీ మీద గెలిచానని లోపల్లోపల సంబరపడ్డాను కూడా. వంతెన దాటాక రోడ్డు పనివాళ్లు కంకర కుప్ప పోసి, అడ్డంగా పీపాలు పెట్టారు. కిందటి వారం అక్కడ లేవట. ఒక పనివాడు పీపా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బావ వేగం తగ్గించలేదు. నాకు సరదా చూపిస్తున్నాడనుకున్నాను. ‘బావా, చాల్లే’ అన్నాను. అప్పుడు తల నా వైపు తిప్పాడు. నన్ను చూడడానికి కాదు. కంటి కొసల్లోంచి రోడ్డు చూసుకోవడానికి. అప్పుడు అర్థమైంది నాకు.  స్టీరింగ్ పట్టుకుని లాగాను. పనివాడు టీ వదిలేసి దూకాడు. మేం ముళ్లకంచెలోకి పోయి ఆగాం. ఆ పనివాడి టోపీ మా చక్రం కింద దొరికింది.

ఇంజను ఆగిపోయాక బావ దిగి, చేతులు ముందుకు చాచి నన్ను వెతికాడు. ‘క్లెమెంట్, ఎక్కడున్నావురా?’ అన్నాడు. నేను ఆయనకి మూరెడు దూరంలో ఉన్నాను. నా మొహం తడిమి, నెత్తురు లేదని తెలిశాక నేల మీద కూలబడ్డాడు.

‘హెస్టర్‌కి చెప్పకు,’ అన్నాడు. ‘దానికి తెలియదు. తెలిస్తే భయంతో బతకలేదు.’

మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. ఆయన నీ దగ్గర దాస్తున్నాడు, నువ్వు ఆయన దగ్గర దాస్తున్నావు. ఒకే భయాన్ని చెరో గదిలో పెట్టుకుని కాపలా కాస్తున్నారు. మధ్యలో నేను పడవ అమ్మి మరీ ఆయన్ని కారెక్కించి చావు దగ్గరికి పంపాను. నన్ను తిట్టు. కానీ ఆయనతో మాట్లాడు.

క్లెమెంట్

—

హోప్‌బరీ
1983 ఆగస్టు 21

తమ్ముడు క్లెమెంట్‌కి,

భుజం ఎలా ఉంది? కట్టు విప్పారని రాశావు కానీ, నువ్వు బాగుందన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. బరువులు ఎత్తకు. నిన్ను తిట్టడానికి మాటలు కూడబెట్టుకున్నాను కానీ, నువ్వు బతికి ఉన్నావన్న సంతోషంలో అన్నీ మరిచిపోయాను.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నీ ఉత్తరం పట్టుకుని తిరుగుతూ చాలా రోజులు ఏమీ అనలేకపోయాను. మీ బావ గరాజులో, కంచెలోంచి లాగించి తెచ్చిన కారుకి వంగిన రేకు సరిచేస్తూ ఉన్నారు. విరిగిన చట్రపు కర్ర తీసి కొత్తది చెక్కారు, అంతా చేతి వేళ్లతోనే. ఒకరోజు మధ్యాహ్నం టీ తీసుకెళ్లి ఇచ్చి, అక్కడే చెక్కపెట్టె మీద కూర్చుని ‘క్లెమెంట్ ఉత్తరం వచ్చింది, చదవనా?’ అన్నాను. ఒక్క ముక్క వదలకుండా చదివాను.  ఆయన కర్ర మీద గరుకుకాగితం రుద్దుతూనే ఉన్నారు. మెల్లిగా ఆపేశారు.

‘నీకెప్పటి నుంచి తెలుసు?’ అన్నారు.

‘శీతాకాలం నుంచి. మీకు?’

‘అంతకు ముందు ఏడాది నుంచి.’

ఆయన కర్ర పక్కన పెట్టారు.  ఆయనే అడిగారు, ‘వంతెన మీద ఆ రోజు. అది గొర్రె కాదు కదూ?’

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. ‘కాదు,’ అన్నాను.

‘ఎవరు?’

‘బెడ్డోస్ వాళ్లమ్మాయి. బండిలో బిడ్డ.’

ఆయన చేతిలో కాగితం జారిపోయింది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, వాటినే చూస్తున్నట్టు వంగిపోయారు. నేను దగ్గరికి వెళ్లబోతే వద్దన్నట్టు తలూపారు. కొంతసేపటికి అన్నారు, ‘ఇంట్లో నడవాలంటే నాకు భయం హెస్టర్. ఎక్కడ కుర్చీ ఉందో, ఎక్కడ నువ్వున్నావో తెలియదు. ఆ సీట్లో కూర్చుంటేనే భయం పోయేది. అన్నీ ఉన్నచోటే ఉండేవి.’ అని, ‘పీపాలు తప్ప’ అన్నారు.

మర్నాడు ఆయనే డాక్టరు దగ్గరికి వెళదామన్నారు. బాగయ్యేది కాదన్నారు డాక్టరు. ఇంకా తగ్గవచ్చట. ఎంత తగ్గుతుందో చెప్పలేమన్నారు.  బస్సులో తిరిగి వస్తూ నా చేతిసంచి పట్టీ ఆయన గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నారు.

కారు మళ్లీ అమ్మాం. ఈసారి ప్రకటన ఆయన చెబుతుంటే నేను రాశాను. కంచెలోకి పోయిన సంగతి కూడా రాయించారు. ‘దాచి అమ్మకూడదు’ అన్నారు. చాలామంది అది చదివి రాలేదు. నిన్న లెమిన్‌స్టర్ నుంచి మిస్ గెథిన్ అని ఒక నర్సు వచ్చింది. నలభై దాటి ఉంటుంది. ఊళ్లు తిరిగి కాన్పులు చేస్తుందట. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. మీ బావ తాళం తీసి ఆవిడ చేతికే ఇచ్చారు.

‘మీరే నడపండమ్మా. నేను పక్కన కూర్చుని వింటాను. నాకు కళ్లు కనిపించవు.’

పరాయి మనిషితో అంత మామూలుగా అనేశారు. ఆవిడ కూడా ‘అలాగేనండీ, ఏదైనా తేడాగా వినిపిస్తే చెప్పండి’ అంది. వాళ్లు వెళ్లి వచ్చేదాకా నేను గేటు దగ్గర నిలబడలేదు. నిలబడకుండా ఉండడానికి పెరట్లో ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికాను. తిరిగొచ్చాక ఆవిడ బుగ్గలు గాలికి ఎర్రబడి ఉన్నాయి. తీసుకుంటానంది. నీ డబ్బు బ్యాంకు ద్వారా పంపుతున్నాను. నీ పడవ కొన్నవాడు తిరిగి ఇస్తాడేమో అడుగు. ఇవ్వకపోతే నాకు రాయి, నేను వచ్చి అడుగుతాను.

ఆవిడ కారు తీసుకుని వెళుతుంటే ఇద్దరం గేటు దగ్గరికి వెళ్లాం. మలుపు తిరిగింది. నాకు కనిపించడం ఆగిపోయింది. కొంతసేపటికి వినిపించడం కూడా. ‘వంతెన దాటింది,’ అన్నారు ఆయన. ‘గేరు కొంచెం ఆలస్యంగా మార్చింది. నేర్చుకుంటుందిలే.’ నాకేమీ వినపడలేదు. ఆయన అలాగే నిలబడి ఉన్నారు. చెయ్యి పట్టుకున్నాను.  

ఇంట్లోకి వస్తూ గుమ్మం ముందు ఆగిపోయారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎక్కి దిగుతున్న గుమ్మమే. పాదం ముందుకు జరిపి, మళ్లీ వెనక్కి తీసుకుని అడిగారు.

‘ఇక్కడ మెట్టు ఉంది కదూ?’

‘ఉంది,’ అన్నాను. ‘ఒక్కటే. ఇప్పుడు వెయ్యండి.’

మీ అక్క
హెస్టర్